మీ ప్రశ్న, నా జవాబు: వేల మందికి వేల ఉత్తరాలు

బ్యాంకు నుంచో బీమా కంపెనీ నుంచో మన పేరుతో, మన లెక్కలతో వచ్చే ఉత్తరాలు ఎలా తయారవుతాయో పోయిన నెల ఈ శీర్షికలో కొంచెం రాశాను. చెన్నైలో చాలా ఏళ్లు అదే పని చేసి నెల్లూరు వచ్చేశాను కాబట్టి ఆ మాట ఎత్తకుండా ఉండలేను. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మేడం, నేను కావలిలో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. చెన్నైలో ఒక కంపెనీ ట్రైనీగా తీసుకుంది. కస్టమర్ ఉత్తరాలు డిజైన్ చేసే టీం అన్నారు. ఎక్స్‌స్ట్రీమ్ గురించి కాస్త తెలుసుకుని రమ్మన్నారు. వీడియోలు చూస్తే బుర్ర తిరుగుతోంది. డౌన్‌లోడ్ చేద్దామంటే ఎక్కడా దొరకడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో కూర్చుని ఏం నేర్చుకోగలను?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: దొరకదమ్మా. ఎక్స్‌స్ట్రీమ్ అంటే ఇలాంటి ఉత్తరాలు వేలకొద్దీ తయారు చేసే సాఫ్ట్‌వేర్, దాన్ని కంపెనీలకు మాత్రమే అమ్ముతారు. ఎవరైనా క్రాక్ చేసిన కాపీ ఇస్తామంటే ఆ పక్కకే పోవద్దు. బటన్లు ఎక్కడున్నాయో చేరాక వాళ్లే చూపిస్తారు, అది పెద్ద పని కాదు. చాలామంది ట్రైనీలకు చేతకానిది ఇంకోటి ఉంది. ఒక ఉత్తరం చేతికిస్తే అందులో ఏది అందరికీ ఒకటే, ఏది మనిషి మనిషికీ మారుతుంది, ఏది కొందరికే వస్తుంది అని విడదీసి చూడలేరు. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మూడు రంగుల పెన్నులు చాలు.

ఇంట్లో బీమా ప్రీమియం నోటీసు ఏదైనా ఉంటుంది, తీసుకో. పేరు, చిరునామా, పాలసీ నంబరు, తేదీ, మొత్తం, ఇలా మనిషిని బట్టి మారే ప్రతిదాని కిందా నీలం గీత గియ్యి. ఇవి వేరియబుల్స్. ‘గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుంది’ లాంటి వాక్యం గడువు దాటిన వాళ్లకు ఒకలా, దాటని వాళ్లకు ఇంకోలా ఉంటుంది. దానికి ఎర్ర గీత. ఇది రూల్. పట్టిక ఉంటే దాని చుట్టూ పచ్చ గీత. ఒకరికి రెండు వరుసలు వస్తాయి, ఇంకొకరికి నలభై వస్తాయి, అది పేజీ దాటి రెండో పేజీలోకి పోతుంది. గీత పడకుండా మిగిలిందంతా మామూలు అచ్చు.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఎర్ర గీతలన్నీ ‘ఇలా అయితే ఇది, లేకపోతే అది’ అని రాయి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ‘గడువు దాటితే’ అంటే ఏ తేదీ నుంచి లెక్క? ఉత్తరం తయారైన రోజా, అచ్చయిన రోజా, పోస్టులో వేసిన రోజా? శనివారం రాత్రి తయారైన ఉత్తరం మంగళవారం ఇంటికి చేరితే ‘ఈ రోజు నుంచి ఏడు రోజుల్లో’ అన్న మాటకు అర్థం ఏంది? ఈ ప్రశ్న నువ్వు మీటింగ్‌లో అడిగావంటే సీనియర్లు తలెత్తి చూస్తారు.

ఇక డేటా. అది పెద్ద కంపెనీల్లో ఎక్సెల్ షీటులా అందంగా రాదు. పాత బ్యాంకింగ్ సిస్టమ్‌లోంచి లైన్లుగా వస్తుంది. ఉదాహరణకు 10తో మొదలయ్యే లైనులో కస్టమర్ పేరు, ఖాతా నంబరు. దాని కింద 20తో మొదలయ్యే లైన్లన్నీ ఆ కస్టమర్ లావాదేవీలు. మళ్లీ 10 కనిపించిందంటే కొత్త మనిషి మొదలయ్యాడని సాఫ్ట్‌వేర్‌కు అర్థం. చివర్న 99తో ఒక లైను: మొత్తం ఇంతమంది, మొత్తం ఇంత డబ్బు. మధ్యలో ఒక్క 10 లైను ఎగిరిపోతే ఏమవుతుందో ఊహించుకో. దాని కింది లావాదేవీలన్నీ పైవాడి ఉత్తరంలో అచ్చవుతాయి. వేరేవాళ్ల ఖాతా వివరాలు పరాయివాళ్ల ఇంటికి పోతాయి. అందుకే పని అయ్యాక ఎన్ని ఉత్తరాలు వచ్చాయి, వాటి మొత్తం 99 లైనుతో సరిపోయిందా అని చూడకుండా ఎవరూ అచ్చుకు పంపరు.

లైన్లుగా వచ్చే ఆ ప్రధాన ఫైలును ఎక్స్‌స్ట్రీమ్‌లో డ్రైవర్ ఫైల్ అంటారు. శాఖల చిరునామాల్లాంటివి ప్రతి కస్టమర్ లైనులో మోసుకురాకుండా వేరే ఫైల్లో పెట్టి, శాఖ కోడ్ చూసి తెచ్చుకుంటారు. అది రిఫరెన్స్ ఫైల్. ఆ రోజు అందరికీ ఒకటే అయిన వడ్డీ రేటు, సంతకం చేసే అధికారి పేరు మొదట్లో ఒక్కసారి చదువుకుంటే చాలు. అది ఇనీషియలైజేషన్ ఫైల్. ఈ మూడూ ఎందుకు వేరో అర్థమైతే సగం పని అయినట్టే. మిగతాదంతా డిజైనర్‌లో పేజీ గీయడం, దాన్ని ప్యాకేజ్ చేయడం, ఇంజిన్‌కు ఇవ్వడం. ఇంజిన్ డేటాతో కలిపి పీడీఎఫ్ గానీ, పెద్ద ప్రింటర్లకు కావలసిన ఏఎఫ్‌పీ గానీ తీస్తుంది.

పాత నోట్సుల్లో ‘డైలాగ్’ అని, ‘హెచ్‌పీ ఎక్స్‌స్ట్రీమ్’ అని కనిపిస్తే కంగారుపడకు. అన్నీ దాని పేర్లే. 2008లో హెచ్‌పీ కొన్నది, 2016లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వచ్చింది. మీ కంపెనీలో అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, క్వాడియంట్ ఇన్‌స్పైర్ వాడినా (దాన్ని ముసలివాళ్లం ఇంకా జీఎంసీ అనే అంటాం) పేర్లు మారతాయి గానీ ఆలోచన ఇదే.

ఇంట్లో చేయగలిగింది ఇంకోటి ఉంది. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ నేర్చుకో, అంటే ఒకే ఉత్తరంలో జాబితాలోని ఒక్కొక్కరి వివరాలు నింపే పద్ధతి. ఎక్సెల్‌లో ఓ పదిమంది జాబితా తయారు చేసి, మెయిలింగ్స్ ట్యాబ్‌లోంచి ఫీల్డులు (జాబితాలోని వివరం వచ్చి పడే చోట్లు) పెట్టి, రూల్స్‌లో ఉన్న ‘ఇఫ్–దెన్–ఎల్స్’తో వాక్యం మార్చి చూడు. ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఫీల్డుల లోపలి కోడ్ కనిపిస్తుంది. అది చదవడం అలవాటు చేసుకో. కాసేపటికి నీకే ఒక చోట అడ్డం తగులుతుంది: ఒక మనిషికి పది లావాదేవీలు ఉంటే వాటిని ఒకే ఉత్తరంలో పట్టికగా తేవడం మెయిల్ మెర్జ్‌కు సులువుగా కుదరదు. దానికి ఒక వరుస అంటే ఒక ఉత్తరం. లక్షలు పోసి పెద్ద సాఫ్ట్‌వేర్ కొనడానికి మొదటి కారణం అక్కడే ఉంది. ఇంటర్వ్యూలో ఎవరైనా ‘వర్డ్ ఉండగా ఇదెందుకు’ అంటే ఈ మాట చెప్పు.

ఆ పదిమంది జాబితాలో మామూలు మనుషుల్ని పెట్టకు. పేరు రెండు లైన్లు పట్టేవాళ్లు ఒకరు, ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉన్నవాళ్లు ఒకరు, బాకీ సున్నా ఉన్నవాళ్లు ఒకరు, మనమే వాళ్లకు తిరిగివ్వాల్సినవాళ్లు ఒకరు, చిరునామాలో ఊరు లేనివాళ్లు ఒకరు, పాలసీదారు చనిపోయి నామినీకి ఉత్తరం పోవాల్సిన పాలసీ ఒకటి. ‘శుభాకాంక్షలతో’ అని మొదలయ్యే ఉత్తరం ఆ చివరి ఇంటికి పోకూడదు కదా.

మా టీంలో గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. అచ్చయిన మొదటి మూడు కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి చూసేవాడు. చిరునామా మూడింట్లోనూ ఒకే చోట ఉందా అని. ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెడితే 110 బై 220 మిల్లీమీటర్ల డీఎల్ కవర్లో పడుతుంది, కవరుకు ఉన్న కిటికీలోంచి చిరునామా కనిపించాలి. పొడుగు పేరు వచ్చి చిరునామా ఒక లైను కిందికి జరిగితే పిన్ కోడ్ కిటికీ కిందకి పోతుంది. ఇంకా ఘోరం, పక్కనున్న ఖాతా నంబరు కిటికీలోకి వస్తుంది. స్క్రీన్ మీద ఎంత చూసినా ఇది దొరకదు. నువ్వు కూడా ఒక కవరు టేబుల్ మీద పెట్టుకో.

ప్రశ్న: మాది ఒంగోలులో చిన్న ఫైనాన్స్ ఆఫీసు. వాయిదా బాకీ ఉన్నవాళ్లకు తెలుగులో ఉత్తరాలు పంపుతాం. వర్డ్ మెర్జ్‌లో 4523.80 అని ఉన్నది 4523.8000000000002 అని వస్తోంది. తేదీలో నెల, రోజు తారుమారు. ప్రెస్సు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో వేయిస్తే ‘శ్రీ’ విడిపోయి వస్తోంది. ఏం చేయాలి?
– ఒక గుమాస్తా, ఒంగోలు

జవాబు: మూడూ వేరే వేరే జబ్బులు.

అంకె సంగతి: ఎక్సెల్ సెల్‌లో మీకు కనిపించేది ముస్తాబు మాత్రమే. మెర్జ్ దాని వెనకున్న అసలు విలువ తీసుకుంటుంది. ఫీల్డ్ కోడ్ తెరిచి, దాని చివర వెనక్కి వాలిన గీత, హ్యాష్ గుర్తు పెట్టి, కోట్స్‌లో 0.00 అని రాయండి. లక్షల దగ్గర మన పద్ధతిలో కామా కావాలంటే, అంటే 125,000 కాకుండా 1,25,000 రావాలంటే, ఎక్సెల్‌లోనే పక్కన ఇంకో కాలమ్ పెట్టి అక్షరాల రూపంలోకి మార్చి దాన్ని మెర్జ్ చేయడం నాకు తెలిసి తక్కువ తలనొప్పి.

తేదీకి హ్యాష్ బదులు ‘ఎట్’ గుర్తు. రోజు, నెల, సంవత్సరం వరుస మీరే రాయాలి. నెలకు పెద్ద ఎమ్‌లు. చిన్న ఎమ్‌లు పెడితే నిమిషాలనుకుంటుంది.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెబుతాను. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే అంకెను నమ్మకంగా దాచుకుంటుంది. పదహారు అంకెల ఖాతా నంబరు మామూలుగా టైపు చేస్తే చివరిది సున్నా అయిపోతుంది. ముందే ఆ కాలమ్‌ను ‘టెక్స్ట్’గా మార్చి ఆ తర్వాత నింపండి. ఇప్పటికే సున్నా అయినవి ఫార్మాట్ మార్చినా తిరిగిరావు, అసలు రిజిస్టరు చూసి మళ్లీ ఎక్కించాల్సిందే.

ఇక తెలుగు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో వరుసగా ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి ఒక రూపంగా అచ్చు వేసే తెలివి సాఫ్ట్‌వేర్‌కు ఉండాలి. కొన్ని పాత ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్లకు అది లేదు, లేదా ఉండి ఆన్ చేయలేదు. ఫాంటు మార్చి ప్రయోజనం లేదు. ప్రెస్సు వాళ్లను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మీ సాఫ్ట్‌వేర్ భారతీయ లిపుల ఒత్తుల్ని కలుపుతుందా?’ తెల్లముఖం వేస్తే, మీ వర్డ్‌లో సరిగ్గా కనిపిస్తోంది కదా, అక్కడే ఫాంట్లు ఫైలు లోపలే ఉండేలా (ఎంబెడ్) చేసి పీడీఎఫ్ తీసి అదే ఇవ్వండి. పాత అను ఫాంట్లలో టైపు చేసి దాచిన పేర్లయితే అది యూనికోడే కాదు, కన్వర్టర్‌తో మార్చాక మనిషి కంటితో చదవాలి.

లైన్ల మధ్య దూరం ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి ఉంటే తీసేయండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎత్తులో మన ఒత్తుల అడుగు తెగిపోతుంది.

చివరిగా, కస్టమర్ల పేర్లు ఇంగ్లీషులో ఉన్నవి మెషీన్‌తో తెలుగులోకి మార్చి పంపకండి. ఆర్, ఏ, ఎమ్, ఏ అని ఉంటే అది రమ కావచ్చు, రామ కావచ్చు. పేరు ఇంగ్లీషులోనే ఉంచి మిగతా ఉత్తరం తెలుగులో రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. పేరు తప్పు రాస్తే మాత్రం గుర్తుంచుకుంటారు. శ్రీ, శ్రీమతి దగ్గర కూడా అంతే. స్త్రీయా పురుషుడా అన్న కాలమ్ ఖాళీలతో ఉంటే, పేరు పక్కన ‘గారికి’ అంటే చాలు. ఆ మర్యాద అందరికీ సరిపోతుంది.

వాక్యాలు కూడా చూసుకోండి. ‘3 వాయిదాలు బాకీ ఉన్నాయి’ అని రాసిన వాక్యంలో 1 పడితే ‘1 వాయిదాలు బాకీ ఉన్నాయి’ అవుతుంది. దానికి రూల్ రాయవచ్చు. అంతకంటే సుఖం ‘బాకీ ఉన్న వాయిదాల సంఖ్య: 1’ అని రాసుకోవడం.

ప్రశ్న: మా ఏజెన్సీ ఉత్తరాల్లో పిన్ కోడ్ 524తో మొదలైతే ‘నెల్లూరు జిల్లా’ అని, 523 అయితే ‘ప్రకాశం జిల్లా’ అని దానంతటదే వచ్చేలా రూల్ పెట్టించాం. సూళ్లూరుపేట, చీరాల కస్టమర్లు తప్పు అంటున్నారు. ఎందుకు?
– ఒక మేనేజరు, నెల్లూరు

జవాబు: వాళ్లు చెప్పిందే కరెక్టు. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఉత్తరాలు వేరు చేసుకోవడానికి పెట్టుకున్నది. మొదటి మూడు అంకెలూ వాళ్ల సార్టింగ్ ప్రాంతానివి, కలెక్టరేటుకూ వాటికీ సంబంధం లేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయింది, పిన్ మాత్రం 524121గానే ఉంది. చీరాల బాపట్లకు పోయింది, పిన్ 523155. అప్పుడే కందుకూరును నెల్లూరులో కలిపారు, దాని పిన్ 523105. జిల్లా గీతలు కదులుతుంటాయి, పిన్ కదలదు. ఆ రూల్ తీసేసి మండలాన్ని బట్టి జిల్లా చెప్పే చిన్న పట్టిక పెట్టుకోండి, మారినప్పుడు ఆ పట్టిక మారిస్తే సరిపోతుంది. అసలు పిన్, ఊరు సరిగ్గా ఉంటే జిల్లా పేరు లేకపోయినా ఉత్తరం చేరుతుంది, కావాలంటే ఆ లైనే ఎత్తేయండి.

ప్రశ్న: నేను రొయ్యల మేత డీలర్ని. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఆరేడు వందల మంది రైతులు అరువుకు మేత తీసుకుంటారు. ఒక్కొక్కరికీ వాళ్ల లెక్కతో ఉత్తరం పంపాలని ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ఆయన వచ్చి పెద్ద కంపెనీలు వాడే సిస్టమ్ పెట్టిస్తాను, కొన్ని లక్షలవుతుంది అన్నాడు. పెట్టించమంటారా?
– ఒక వ్యాపారి, నెల్లూరు

జవాబు: వద్దు, అన్నా. ఆ సిస్టమ్‌లు నెలకు లక్షల ఉత్తరాలు తీసేవాళ్లకి, అదే సమాచారాన్ని కాగితం, ఈమెయిల్, ఎస్సెమ్మెస్ మూడింట్లోనూ పంపి ఏది ఎవరికి ఎప్పుడు పోయిందో ఆడిటరుకు చూపించాల్సినవాళ్లకి. మీకు ట్యాలీ ఉంటుంది కదా. అందులోనే పార్టీల లెడ్జర్లు, రిమైండర్ లెటర్లు అందరివీ ఒకేసారి తీసే సదుపాయం ఉంది. మీ అకౌంటెంటును అడగండి. పట్టిక సమస్య అక్కడే తీరిపోతుంది. దానికి పైన జతచేసే ఒక పేజీ ఉత్తరం వర్డ్ మెర్జ్‌తో చేసుకోండి.

డబ్బు పెట్టాలనుకుంటే మీ జాబితా మీద పెట్టండి, గుమాస్తాను నాలుగు రోజులు కూర్చోబెట్టి బాగుచేయించండి. ఒకే రైతు మూడు గుంటలకు మూడు పేర్లతో ఖాతా ఉంటే అతనికి మూడు ఉత్తరాలు పోతాయి, అతను మీ మీద కోప్పడతాడు. ఫోన్ నంబరును ఆనవాలుగా పెట్టి ఒకటి చేయండి. ఇంట్లో అన్నదమ్ములు ఒకే నంబరు ఇచ్చి ఉండొచ్చు, కాబట్టి కలిపే ముందు ఒకసారి ఫోన్ చేసి అడగాలి.

ఆ జాబితాలో ‘పట్టుబడి తేదీ’ అని ఒక కాలమ్ పెట్టండి. మీ ఉత్తరానికి ప్రాణం అదే. ఖాళీగా ఉంటే రొయ్య ఇంకా గుంటలోనే ఉందని అర్థం, అతనికి పోవాల్సింది: ‘ఈ రోజు వరకు మీరు తీసుకున్న మేత లెక్క జతచేశాము. తేడా ఉంటే తెలపండి.’ అంతే, డబ్బు మాట ఎత్తకూడదు. తేదీ పడి నెల దాటనివాళ్లకు: ‘మీ పట్టుబడి పూర్తయినట్టు మాకు తెలిసింది. వీలు చూసుకుని లెక్క చూసుకుందాం.’ నెల దాటినవాళ్లకు మొత్తం, గడువు తేదీ రెండూ స్పష్టంగా రాయండి. ముగ్గురికీ ‘తక్షణమే చెల్లించవలెను’ అని ఒకటే అచ్చు కొట్టి పంపితే, గుంటలో రొయ్య ఉన్నవాడు రేపటి నుంచి పక్క డీలరు దగ్గర బస్తా ఎత్తుతాడు.

వాట్సాప్‌లో పంపితే ఎవరిది వాళ్లకే పోవాలి, రైతుల గ్రూపులో పడేయొద్దు. పక్క గుంటవాడి అప్పు ఎంతో అందరికీ తెలియాల్సిన పని లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచండి, ఊళ్లో మొహాలు ఎలా చూసుకుంటారు?

ప్రశ్న: ఇవన్నీ ఇప్పుడు ఏఐతో రాయించవచ్చు కదా మేడం? ఒక్కో కస్టమర్‌కు ఒక్కో ఉత్తరం అదే రాసిపెడుతుంది. ఈ రూల్స్ అవీ ఎందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థి, పొదిలి

జవాబు: పేరా ముసాయిదా రాయించుకోండి, తప్పేం లేదు. పైన చెప్పిన మూడు రకాల రైతులకు మూడు పేరాలు అది చక్కగా రాస్తుంది, తెలుగు కాస్త సరిచేసుకోవాలి. ఆ మూడింటినీ మనిషి ఒకసారి చదివి ఓకే అన్నాక వాటినే వాడాలి. ప్రతి ఉత్తరం అప్పటికప్పుడు కొత్తగా రాయించారనుకోండి, ఆరు వందల ఉత్తరాలూ ఎవరో కూర్చుని చదవాలి. చదవకపోతే ఏదో ఒకదాంట్లో మీరు ఇవ్వని రాయితీ ఇచ్చేసి ఉంటుంది, రైతు ఆ కాగితం పట్టుకుని షాపుకు వస్తాడు. మొత్తం, తేదీ, ఖాతా నంబరు దాని చేతికి ఇవ్వొద్దు. అవి డేటాలోంచి నేరుగా ఫీల్డులోకి రావాలి.

దానికి ఇవ్వాల్సిన మంచి పని ఒకటుంది. కావలి అమ్మాయికి చెప్పానే, తిక్క కస్టమర్ల జాబితా, అలాంటివి వంద తయారు చేయమనండి. మీ నిజమైన కస్టమర్ల డేటా మాత్రం అందులో పెట్టకుండా.

(మీ ప్రశ్నలు కార్డు మీద రాసి పంపండి. ఉత్తరం నమూనా జతచేసేవాళ్లు ఖాతా నంబర్లు, పేర్లు నల్లగా కొట్టేసి పంపండి.)